ఒక్క రోగి, ఒక్క రోజు

సర్జరీలో పీజీ రెండో ఏడు చేస్తున్న ఆ అమ్మాయిని ఆసుపత్రిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. వార్డు ఆయాల దగ్గర్నుంచి ప్రొఫెసర్ల దాకా అందరికీ ఆమె చిట్టి డాక్టరే. ఆపరేషన్ బల్ల దగ్గర మామూలుగా నిలబడితే చేతులు అందవు, కాళ్ళ కింద ఇనప పీట ఒకటి వేసుకోవాలి. ఆ పీటని ఎవరు ఎక్కడికి లాగేశారో వెతుక్కోవడంతోనే ఆమె రోజు మొదలవుతుంది. ఆ పిలుపు గురించి చిట్టికి బెంగ లేదు. బెంగల్లా ఒకటే. చేరినప్పట్నుంచీ ఆ పీట ఎక్కుతూ దిగుతూ ఉంది గానీ కత్తి మాత్రం ఇంతవరకూ తన చేతికి రాలేదు.

పట్టుకోమన్నది పట్టుకుంది. తుడవమన్న చోట తుడిచింది. ముడి పడ్డాక మిగిలిన దారం కత్తిరించింది. కానీ మొదటి గాటు నుంచి చివరి కుట్టు దాకా తన చేతుల మీదుగా జరిగిన ఆపరేషన్ ఒక్కటీ లేదు. యూనిట్‌కి పెద్ద సర్జన్ ఉన్నాడు. వెనకాల అందరూ పెద్దాయన అంటారు. కత్తి ఎవరికి, ఎప్పుడు, ఏం చూసి ఇస్తాడో ఎవరికీ అంతుబట్టదు. చిట్టితో పాటే చేరిన పొడుగబ్బాయికి ఎప్పుడో ఇచ్చేశాడు. ఆ అబ్బాయి మంచివాడే. "ఈసారి నీకేలే" అని ఓదారుస్తాడు. ఆ ఓదార్పే చిట్టికి ఎక్కువ మంట.

ఇంట్లో కూడా ఇదే గొడవ. సాయంత్రం ఆమె చెప్పులు విప్పుతుండగానే అత్తయ్య వంటింట్లోంచి కేకేస్తుంది.

"ఇచ్చాడా?"

"లేదత్తయ్యా."

"ఆయన చేతులు పడి..." అనబోయి, ఆ చేతులతోనే ఊళ్ళో సగంమందికి ఆపరేషన్లు చేస్తాడని గుర్తొచ్చి ఆవిడ తమాయించుకుంటుంది. "ఆయన చేతులు చల్లగుండ, ఇంకెప్పుడిస్తాడటా?"

"అమ్మకి కత్తి ఇవ్వకూడదు నానమ్మా, తెగుతుంది" అంటుంది నాలుగేళ్ళ కూతురు. బళ్ళో లెక్కలు చెప్పే భర్త పేపర్లు దిద్దుకుంటూ నవ్వు దాచుకుంటాడు. తనకి నవ్వు రాకపోయినా చిట్టి కూడా నవ్వేస్తుంది.

అలాంటి రోజుల్లో నాణ్యత క్లాసు అని కొత్తది ఒకటి వచ్చిపడింది. ఆసుపత్రిలో పని ఎక్కడ గాడి తప్పుతోందో చూసి సరిచెయ్యడం ఎలాగో పీజీలందరూ నేర్చుకోవాలట. బుధవారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక. పైన ఫ్యాను ఉంది గానీ అది తిరగడం కన్నా మూలగడం ఎక్కువ. కునుకు తీయడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదని పీజీలు సంబరపడ్డారు.

పాఠం చెప్పడానికి వచ్చినావిడ మత్తు డాక్టరు. యాభై దాటిన మనిషి, జుట్టు ముడేసుకుని అందులో పెన్ను గుచ్చుకుంటుంది. ఏం చెప్పినా "ఎందుకు?" అని అడగడం ఆవిడ అలవాటు. వారం తిరక్కుండానే పిల్లలు ఎందుకమ్మ అని పేరు పెట్టేశారు. ఆ సంగతి చెవిన పడినప్పుడు ఆవిడ కోప్పడకుండా "ఎందుకు పెట్టారర్రా ఆ పేరు?" అని అడిగిందట. దాంతో పేరు స్థిరపడిపోయింది.

మొదటి క్లాసులో ఆవిడ బోర్డు మీద ఒక్క అక్షరం రాయలేదు.

"రేపు పొద్దున మీ వార్డులో ఒక రోగి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. ఆపరేషన్‌కి తీసుకెళ్ళేదాకా లేవకండి."

"కూర్చుని ఏం చెయ్యాలి మేడమ్?" అన్నాడు పొడుగబ్బాయి.

"ఏమీ చెయ్యకూడదు. అదే కష్టం."

నిజంగానే కష్టమైంది. వార్డులో చిట్టి ఎప్పుడూ కూర్చోలేదు. నడుస్తూ చూడడం, నిలబడి రాయడం, పరిగెత్తుతూ జవాబు చెప్పడం తప్ప ఆమెకి ఇంకోటి తెలియదు. పిత్తాశయంలో రాళ్ళున్న ఓ ముసలావిడ మంచం పక్కన కుర్చీ వేసుకుని, చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి టీ బండి వచ్చింది. ఆపరేషన్ లేనివాళ్ళందరూ గ్లాసులు అందుకున్నారు. ముసలావిడ గోడవైపు తిరిగి పడుకుంది.

"ఆకలిగా ఉందా అవ్వా?"

"ఆకలి ఎప్పుడో చచ్చింది తల్లీ. నోరే పిడచకట్టుకుపోతోంది. రాత్రి భోజనం దగ్గర తాగిన నీళ్ళే."

ఎండ కిటికీ దాటి మంచం మీదికి వచ్చింది. మంచం దిగి నేల మీదికి పోయింది. పిలుపు రాలేదు. ముసలావిడ పెదాలు నాలుకతో తడుపుకోబోతే నాలుక పెదవికి అతుక్కుంది. అయినా ఆవిడే అడిగింది, "నువ్వేమన్నా తిన్నావా? పొద్దుట్నుంచీ ఇక్కడే కూర్చున్నావు."

చిట్టి పొద్దున్నే రెండు టీలు తాగి వచ్చింది. కాగితం మీద "రాత్రి నుంచి ఖాళీ కడుపు, నీళ్ళు కూడా వద్దు" అని రాసిందీ ఆమే. ఏడాది పైగా అందరికీ అదే రాస్తోంది. ఆ మాట ఒక మనిషి నోట్లో ఎలా ఉంటుందో చూడడం మాత్రం ఇదే మొదటిసారి.

తరవాతి బుధవారం ఆమె లేచి చెప్పింది. ఎందుకమ్మ జడముడిలోంచి పెన్ను తీసింది.

"నీళ్ళు ఎందుకివ్వలేదు?"

"మీ మత్తువాళ్ళే కదా మేడమ్ వద్దంటారు."

"మేం తిండి వద్దంటాం, ఆరు గంటల ముందు. మంచినీళ్ళు రెండు గంటల ముందు దాకా తాగచ్చు. రాత్రి నుంచే ఎందుకు ఆపావు?"

"ఎవరిని ఎప్పుడు పిలుస్తారో తెలియదు కదా. వరస మారుతూ ఉంటుంది."

"మారితే వార్డుకి ఎందుకు తెలియదు?"

ఫ్యాను మూలిగింది. చివరికి పొడుగబ్బాయి అన్నాడు, "ఎవరూ ఫోన్ చెయ్యరు మేడమ్."

"ఎందుకు చెయ్యరు?"

"చెయ్యమని ఎవరూ అనలేదు."

క్లాసంతా గొల్లుమంది. ఎందుకమ్మ కూడా నవ్వింది, కానీ ఆవిడ నవ్వు త్వరగా అయిపోయింది. "ఫోన్ చెయ్యమని ఎవరూ అనలేదు. అందుకని ఒక పెద్దావిడ పొద్దంతా నోరెండబెట్టుకుని పడుకుంది. ఇందులో దుర్మార్గులు ఎవరూ లేరు చూశారా? అందరూ మంచివాళ్ళే. అయినా ఇలా జరుగుతుంది. మనం ఇక్కడ కూర్చున్నది అందుకే."

అప్పటికప్పుడే ఒక ఉపాయం తేలింది. పొద్దున్నే థియేటర్ నుంచి వార్డుకి ఫోన్ వస్తుంది, వరస చెబుతారు. వరస మారితే మళ్ళీ చేస్తారు. ఎవరి వంతు దూరంగా ఉందో వాళ్ళకి ఒక గ్లాసు మంచినీళ్ళు. చిట్టి కళ్ళు మెరిశాయి.

"రేపట్నుంచీ వార్డంతా పెట్టేస్తాను మేడమ్!"

"వద్దు. ఒక్క రోగికి, ఒక్క రోజు."

"ఒక్కరికేనా?"

"కొత్త ఉప్పు తెచ్చుకుంటే కూరలో డబ్బా గుమ్మరిస్తామా? చిటికెడు వేసి, కలిపి, నాలిక మీద పెట్టుకుంటాం. చాలకపోతే ఇంకో చిటికెడు. ఎక్కువైతే తీయలేం కదమ్మా."

ఆ ఒక్క రోగి ఒక దర్జీ. థియేటర్ నుంచి ఫోన్ వచ్చింది. హెడ్ నర్సు గ్లాసు చేతికిస్తే అతను అనుమానంగా చూశాడు. "నిజంగా తాగచ్చా? తరవాత తిట్టరు కదా?" తాగాక మూతి తుడుచుకుని, "అమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది. ఇక కోసుకోండి, మీ ఇష్టం" అన్నాడు. అతని ఆపరేషన్ సాఫీగా జరిగిపోయింది.

సరిగ్గా అదే సాయంత్రం పెద్దాయన కారిడార్‌లో ఆగి, చిట్టి వైపు తిరక్కుండానే అన్నాడు, "రేపు ఒక వడ్రంగి ఉన్నాడు. హెర్నియా. చదువుకుని రా. చేస్తావు."

చిట్టి కాళ్ళు నేల మీద లేవు. ఫోన్‌లో అత్తయ్యకి చెబితే ఆవిడ అటువైపు "ఒసేయ్, ఇచ్చాడే!" అని మనవరాలితో గంతులేసింది. ఆ ఊపులోనే చిట్టి వార్డుకి వచ్చి హెడ్ నర్సుతో, "సిస్టర్, రేపట్నుంచీ అందరికీ నీళ్ళే. దర్జీకి జరిగింది చూశాంగా" అంది.

"ఒకేసారి అందరికీనా అమ్మా?" అంది హెడ్ నర్సు. "రాత్రి డ్యూటీ వాళ్ళకి, పొద్దున డ్యూటీ వాళ్ళకి..."

"గ్రూపులో మెసేజ్ పెట్టేస్తాను సిస్టర్."

పెట్టేసింది కూడా. కింద బొటనవేళ్ళు బారులు తీరి వచ్చాయి. ఇంటికెళ్ళి హెర్నియా గురించి చదివి, కళ్ళు మూసుకుని, గాలిలో కుట్లు వేస్తూ నిద్రపోయింది.

పొద్దున పీట వెతక్కుండానే దాని చోట్లో ఉంది. అది శుభశకునం అనుకుంది చిట్టి. చేతులు కడుక్కుంటుంటే థియేటర్ గుమ్మంలోంచి ఎందుకమ్మ గొంతు వినిపించింది. రోగిని లోపలికి తీసుకునే ముందు ప్రతివాళ్ళనీ ఆవిడ అడిగే ప్రశ్నలే.

"ఆఖరికి ఏం తీసుకున్నారు?"

"పాలు తాగానమ్మా" అన్నాడు వడ్రంగి సంతోషంగా. "మా ఆవిడ చిక్కటి పాలు ఇచ్చింది. ఇందాకే."

చిట్టి చేతుల మీంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆమెకి కుళాయి కట్టెయ్యాలని తోచలేదు.

పాలంటే తిండి కిందే లెక్క. ఆపరేషన్ ఆగిపోయింది. వడ్రంగిని తీసుకొచ్చిన బండి మీదే తిరిగి వార్డుకి పంపించేశారు. పెద్దాయన మాస్కు కిందికి లాగి, థియేటరంతా వినబడేలా అడిగాడు.

"ఎవరు చెప్పారు తాగమని?"

పొడుగబ్బాయి నేల చూశాడు. నర్సులు పళ్ళేల్లో సామాన్లు సర్దుకున్నారు.

"నేనే సార్" అంది చిట్టి. "వార్డంతా నీళ్ళు తాగచ్చని నిన్న నేనే చెప్పాను. మిమ్మల్ని అడగలేదు."

పెద్దాయన ఆమెని చూశాడు. తిట్టి ఉంటే బావుండునేమో. "ఈ ప్రయోగాలు నా వార్డులో ఆపండి" అని మాత్రం అని, తరవాతి కేసుకి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఆ కేసులో చిట్టి పట్టుకోమన్నది పట్టుకుని నిలబడింది.

ఆ సాయంత్రం అత్తయ్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. అడగడానికి నోరు తెరిచి, కోడలి ముఖం చూసి మూసేసింది. కూతురు మాత్రం ఊరుకోలేదు. "అమ్మా, కోశావా?"

చిట్టి సోఫాలో కూలబడి జరిగిందంతా చెప్పింది. చెప్పి, "నా కర్మ. నేనే నా చేత్తో చేసుకున్నాను" అంది.

"అదేం మాట?" అంది అత్తయ్య. "ఆ మొగుడికి పాలు పోసిచ్చిన మహాతల్లిని అనాలి గానీ. వద్దన్నది ఇస్తుందా ఎవరైనా?"

"వద్దని ఆవిడకి ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు భర్త, పేపర్ల లోంచి తలెత్తి.

అత్తాకోడళ్ళు ఇద్దరూ అతని వైపు చూశారు. అతను తప్పుచేసినవాడిలా మళ్ళీ పేపర్లలోకి దూరిపోయాడు. కానీ ఆ ప్రశ్న మాత్రం గదిలో ఉండిపోయింది. అన్నం కలుపుతూ చిట్టి దాని గురించే ఆలోచించింది. అవును, ఎవరు చెప్పారు?

మర్నాడు ఎందుకమ్మ గదికి వెళ్ళింది. మొదటి మాటే, "నేను ఇంక మానేస్తాను మేడమ్. ఇంకో అంశం ఏదైనా ఇవ్వండి. కాగితాల్లో అయిపోయేది" అంది.

"కూర్చో. టీ తాగు." ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పింది. "ఒక్కరికి అని చెబితే నువ్వు వార్డంతా చేశావు. అది నీ వాటా. నేను నీకు ఉప్పు కథ చెప్పాను గానీ, రెండో రోజు ఏం చెయ్యాలో చెప్పలేదు. అది నా వాటా. ఇద్దరం పంచుకుందాం. ఇప్పుడు చెప్పు, ఆ పాలు ఆయన కడుపులోకి ఎలా వెళ్ళాయి?"

"వాళ్ళావిడ ఇచ్చింది."

"అది ఎవరు అన్నదానికి జవాబు. నేను అడిగింది ఎలా అని."

చిట్టి తల అడ్డంగా ఊపింది.

"తెలిసినావిడ ఒక్కతే ఉంది" అంది ఎందుకమ్మ. "వెళ్ళి అడుగు. ఎందుకిచ్చావు అనకు. ఆ మాట తెల్లకోటు నోట్లోంచి వస్తే పోలీసు మాటలా ఉంటుంది. ఆ పొద్దున ఏం జరిగిందో చెప్పమ్మా అను. అని, నోరు మూసుకుని విను. మొదటి రోజు కూర్చున్నావే, అలా."

వడ్రంగి మంచం కిటికీ పక్కనే. అతను నిద్రపోతున్నాడు. భార్య మంచం కింద సంచీ సర్దుతోంది. చిట్టిని చూడగానే లేచి నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పంపించేస్తున్నారా అమ్మా? మా తప్పేనమ్మా. ఆయన్ని ఏమనకండి, నన్ననండి. నేనే చేజేతులా..."

"పంపించట్లేదు పిన్నిగారూ. కూర్చోండి" అని చిట్టి తనే ముందు నేల మీద కూర్చుంది, మంచం కోడు మీద చెయ్యేసి. "తప్పు మీది కాదు, నాది. నేను సరిగ్గా చెప్పించలేదు. మీ ఆయన థియేటర్ గుమ్మం దాకా వెళ్ళి ఊరికే తిరిగి రావాల్సి వచ్చింది. అందుకు క్షమించండి. నాకొకటి చెప్పండి. ఆ పొద్దున ఏం జరిగింది?"

ఆవిడ చాలాసేపు నమ్మలేదు. తరవాత మెల్లగా మొదలుపెట్టింది. రాత్రి ఒక నర్సమ్మ వచ్చి ఏమీ ముట్టుకోవద్దంది. సరే అనుకున్నారు. పొద్దున ఇంకో నర్సమ్మ వచ్చి ఆయనతో తాగచ్చంది. ఆ వేళకి తను కింద బట్టలు ఉతుకుతోంది. వచ్చేసరికి ఆయన "తాగచ్చంటున్నారే" అన్నాడు. పక్క మంచం ఆయన కూడా గ్లాసు పట్టుకుని ఉన్నాడు.

"నేనేమనుకున్నానంటే తల్లీ, రాత్రి వద్దన్నారు, పొద్దున సరేనన్నారు. పెద్ద డాక్టరుగారు దయతలిచి ఆ కట్టుబాటు తీసేశారు కాబోలనుకున్నాను. తీసేశాక ఉత్త నీళ్ళేమిటి, కత్తి కింద పడుకోబోయే మనిషికి కాస్త బలం ఉండొద్దూ అని..." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "అసలు కడుపు ఖాళీగా ఎందుకుండాలో నాకు ఇప్పటికీ తెలియదమ్మా. డాక్టర్లు చెప్పారు, చేస్తాం, అంతే."

చిట్టి ఇన్నాళ్ళుగా రాస్తోంది, ఇంతమందికి చెప్పింది. ఎందుకో మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. కారణం చెప్పని మాట ఒక రోజు గట్టి ఆజ్ఞలా, ఇంకో రోజు దయలా కనిపిస్తుంది. రెండూ కాదని ఆవిడకి ఎలా తెలుస్తుంది?

"మత్తు ఇచ్చాక గొంతుకి ఒళ్ళు తెలియదు పిన్నిగారూ. కడుపులో ఉన్నది పైకొస్తే దగ్గి ఉమ్మెయ్యడానికి ఉండదు. తిన్నగా ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. ఊపిరి ఆడదు. మంచినీళ్ళయితే కడుపులోంచి త్వరగా కిందికి పోతాయి. పాలు పోవు, విరిగి అక్కడే కూర్చుంటాయి."

ఆవిడ కొంగు నోటి మీంచి తీసేసింది. "ఓసి నా తల్లీ! అదా సంగతి? ఆ ముక్క ముందే చెబితే పాలు కాదు గదా, పాల గిన్నె కూడా ఈ గదిలోకి రానిచ్చేదాన్ని కాదు. నా మొగుణ్ణి నేనే..." అని ఆగి, నిద్రపోతున్న భర్త నుదురు తడిమి చూసుకుంది, అతను ఉన్నాడో లేడో అన్నట్టు.

"మీరు చెప్పబట్టే నాకు తెలిసింది" అంది చిట్టి. "చాలా మేలు చేశారు." ఆవిడకి అది వినడం కొత్తగా ఉన్నట్టుంది. సిగ్గుపడి, కుర్చీ మీది దుమ్ము తుడిచి, "దీంట్లో కూర్చోమ్మా" అంది.

ఇక మిగిలింది పెద్దాయన. ఆయన పిలిచేదాకా ఆగమన్నాడు పొడుగబ్బాయి. "ఇప్పుడు వెళ్తే అగ్గి మీద నెయ్యి పోసినట్టే. నాలుగు రోజులు కనబడకుండా తిరుగు. ఆయనే మర్చిపోతాడు. నీకు ఆపరేషన్ కావాలా, నీళ్ళు కావాలా?"

చిట్టికి రెండూ కావాలి. కానీ ఈసారి ఒక్కటే దక్కేటట్టయితే ఏది వదులుకోవాలో తలుచుకుంటే ముసలావిడ నాలుక పెదవికి అతుక్కోవడం కళ్ళ ముందుకొచ్చింది. వెళ్ళి ఆయన గది తలుపు తట్టింది.

పెద్దాయన ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పట్టుకుని చూస్తున్నాడు. ఆమె నిలబడే చెప్పింది. తను ఎక్కడ తొందరపడిందీ, రాత్రి డ్యూటీ ఒకటి, పొద్దున డ్యూటీ ఒకటి ఎలా చెప్పిందీ, వడ్రంగి భార్య ఏమన్నదీ, అన్నీ. ఆవిడ మీద ఏ తప్పూ వేయలేదు. చివరికి, "ఆపమన్నారు. ఆపేశాను సార్. మళ్ళీ మొదలుపెట్టడానికి మీ అనుమతి కావాలి" అంది.

"మళ్ళీ ఎంతమందికి? ఊరంతటికా?"

"ఒక్కరికి సార్. ఒక్క రోజు. రోగికీ, తోడున్న మనిషికీ కూర్చోబెట్టి ఎందుకో చెప్పి, వాళ్ళ నోటితో మళ్ళీ మాకు చెప్పించుకుంటాం. అది కుదిరితే ఇద్దరికి."

ఆయన ఫిల్ము తిప్పి ఇంకో వైపు నుంచి చూశాడు. "నేను ఇన్నేళ్ళుగా రౌండ్లకి వెళ్తున్నాను" అన్నాడు. "ఒక్క రోగి కూడా దాహంగా ఉందని నాతో అనలేదు."

"మీతో అనరు సార్" అనేసింది చిట్టి. అన్నాక నాలుక కరుచుకుంది.

ఆయన మీసాల కింద ఏదో కదిలింది. "సరే, వెళ్ళు."

సరే అన్నది దేనికో, వెళ్ళు అన్నది ఎక్కడికో తెలియక చిట్టి బయటికొచ్చింది. హెడ్ నర్సుకి కబురు మాత్రం ఆయన దగ్గర్నుంచే వచ్చింది. ఒక్కరికైతే చేసుకోండి అని.

ఆ ఒక్కరూ వడ్రంగే అయ్యాడు. అతని పేరు మళ్ళీ జాబితాలోకి వచ్చిన పొద్దున, చిట్టీ హెడ్ నర్సూ మంచం పక్కన కూర్చున్నారు. భార్యని చెప్పమంటే ఆవిడ వార్డంతా వినబడేలా మొదలుపెట్టింది. "మత్తులో గొంతుకి ఒళ్ళు తెలియదు. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మంచినీళ్ళు జారిపోతాయి, పాలు కూర్చుంటాయి." పక్క మంచాల వాళ్ళు కూడా తల లేపి విన్నారు. ఫోన్ వచ్చింది. వడ్రంగి వంతు మూడోది. అతను నీళ్ళు తాగుతుంటే భార్య గ్లాసు వైపు పోలీసులా చూస్తూ నిలబడింది.

థియేటర్‌లో చిట్టి పీట వెతుక్కుని, ఎప్పటిలాగే సహాయకులు నిలబడే వైపు వేసుకుంది. వడ్రంగిని బల్ల మీదికి ఎక్కించారు. ఎందుకమ్మ అతని తల దగ్గర చేరి, "ఆఖరికి ఏం తీసుకున్నారు?" అంది.

"మంచినీళ్ళు. ఒట్టు. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి, దగ్గరుండి కాపలా కాసింది." అతను మెడ తిప్పి చిట్టిని చూశాడు. "అమ్మా, అంతా నువ్వేనంటగా ఇవాళ?"

చిట్టికి అర్థం కాలేదు.

"నిన్న పెద్దాయన వచ్చి నా మంచం మీద కూర్చున్నారు. చిట్టి డాక్టరు చేస్తుంది, నేను పక్కనే ఉంటాను, నీకు సమ్మతమేనా అన్నారు. నేనన్నానూ, అయ్యా, నేనూ పనివాళ్ళని తయారుచేసినవాణ్ణే. కొత్తగా ఉలి పట్టినవాడు ఎక్కడ జారుతుందోనని కళ్ళు పెద్దవి చేసుకుని చెక్కుతాడు. చెయ్యి తిరిగినవాడే పక్కవాడితో కబుర్లు చెబుతాడు. అమ్మాయినే చెయ్యనివ్వండి అని." అతను ఎందుకమ్మ వైపు తిరిగాడు. "ఇక పడుకోబెట్టండమ్మా. తలుపు చెక్కడం కాదు గదా, మధ్యలో నేను సలహాలు చెప్పడానికి."

మాస్కుల వెనక అందరూ నవ్వారు. అతను నవ్వుతూనే మత్తులోకి జారుకున్నాడు.

పెద్దాయన చేతులు కడుక్కుని వచ్చాడు. తను ఎప్పుడూ నిలబడే వైపుకి కాకుండా చిట్టి వైపు వచ్చి, "ఇక్కడేం పని నీకు? ఆ పీట అటు తీసుకెళ్ళు" అన్నాడు.

ఆమె తీసుకెళ్ళింది.

"సార్, మొన్న నావల్లే ఆగింది కదా..."

"ఆపింది నువ్వే కనక పూర్తి చెయ్యాల్సిందీ నువ్వే." ఆయన గొంతు తగ్గించాడు. "లోపల ఎప్పుడో ఒకప్పుడు నీ చెయ్యి జారుతుంది. అందరికీ జారుతుంది. జారినప్పుడు దాచుకునేవాళ్ళెవరో, నా దగ్గరికొచ్చి చెప్పేవాళ్ళెవరో తెలియకుండా నేను కత్తి ఇవ్వను. తెలిసింది. మొదలుపెట్టు."

నర్సు కత్తి అరచేతిలో పెట్టింది. అంత తేలిగ్గా ఉంటుందని చిట్టి అనుకోలేదు. మొదటి గాటు వేసింది. ఎక్కడ ఆగాలో తెలియనప్పుడు ఆగి అడిగింది. పెద్దాయన రెండుసార్లు "ఊఁ" అన్నాడు, ఒకసారి "మెల్లగా" అన్నాడు. తల దగ్గర్నుంచి ఎందుకమ్మ మధ్యమధ్య "ఊపిరి బావుంది, తొందరేం లేదు" అంటూనే ఉంది. అది రోగి గురించో తన గురించో చిట్టికి తెలియలేదు. చివరి కుట్టు పడ్డాక పెద్దాయన ఒంగి చూసి, ఏమీ అనకుండా గ్లవుజులు విప్పుకున్నాడు. పొడుగబ్బాయి తనే కట్టు అందించాడు. అతని కళ్ళలో నవ్వు నిజమైనదే.

వడ్రంగి భార్యకి కబురు చిట్టే చెప్పింది. ఆవిడ చిట్టి రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు పైకి తిప్పి చూసింది. "ఇంత చిన్న చేతులు" అంది. అంతే అనగలిగింది.

దుస్తులు మార్చుకునే గదిలో ఎందుకమ్మ టోపీ తీసి జుట్టు ముడేసుకుంటోంది.

"మేడమ్" అంది చిట్టి. చెప్పాల్సింది చాలా ఉంది. కూర్చోమన్నందుకు, ఒక్కరికి అన్నందుకు, తను మానేస్తానన్న రోజు టీ పోసినందుకు. "మీరు లేకపోతే..."

"ఏడవకు, నాకూ వస్తుంది" అంది ఆవిడ. ముక్కు తుడుచుకుంది. "ఇన్ని క్లాసులు చెప్పాను. పిల్లలు కాగితాలు నింపి, మార్కులు వేయించుకుని పోయేవాళ్ళు. అడగడానికి తిరిగి ఆ మంచం దాకా వెళ్ళినదానివి నువ్వే. నేనే నీకు చెప్పుకోవాలమ్మా కృతజ్ఞత. రేపు ఇద్దరికి చూద్దామా?"

"చూద్దాం మేడమ్."

ఆవిడ వెళ్ళాక చిట్టి బల్ల మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసింది. మొన్నటి దెబ్బకి అత్తయ్య ఇంకేమీ అడగదల్చుకోలేదు కాబోలు, "పిల్ల తింది. నువ్వు తిన్నావా?" అంది.

"నేనే చేశానత్తయ్యా."

అటువైపు ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు.

"అత్తయ్యా?"

"మొత్తమా?" ఆవిడ గొంతు సన్నగా వచ్చింది. "మొదట్నుంచి చివరిదాకా?"

"మొత్తం. పొద్దున నువ్వు పిల్లని పట్టుకున్నావు కాబట్టి త్వరగా రాగలిగాను. లేకపోతే..."

ఆవిడ ఆ మాట వినిపించుకోలేదు. ఫోన్ పట్టుకునే వీధి గుమ్మంలోకి పరిగెత్తినట్టుంది. చెప్పుల చప్పుడు, తలుపు గడియ తీసిన చప్పుడు, తరవాత పెద్ద గొంతుతో ఆవిడ ఎదురింటి వాళ్ళని పేరుపేరునా పిలవడం వినిపించాయి. "మా కోడలు చేసింది! ఇవాళ మా కోడలు చేసింది!" చిట్టి ఫోన్ చెవికి ఆనించుకుని, కళ్ళ మీదికి నీళ్ళు వస్తుంటే తుడుచుకోకుండా, ఆ వీధంతా ఒక్కొక్కరే బయటికి రావడం వింటూ కూర్చుంది.